నాగా, సెలవు, ఆదివారం

పనికీ తీరికకూ మధ్య సమతూకం గురించి ఈమధ్య చాలామంది రాస్తున్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి ఈ దేశపు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి చైర్మన్ సుబ్రహ్మణ్యన్ దాన్ని 90 గంటల దాకా తీసుకుపోయి, ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నందుకు విచారం వెలిబుచ్చారు. దుమారం లేచింది. అటు సమర్థించినవాళ్ళూ, ఇటు తప్పుబట్టినవాళ్ళూ ఒక్క విషయంలో మాత్రం ఒకే గట్టున ఉన్నారు. మనిషి కాలం మనిషి చేతిలోనే ఉన్నదనీ, దాన్ని ఎట్లా పంచుకోవాలన్నదే సమస్య అనీ ఇద్దరూ నమ్మారు. కాలం తనది కాని మనిషి ఈ చర్చలో ఎక్కడా లేడు.

అది వాళ్ళ సంగతి. మన సంగతేమిటి? దళిత సాహిత్య విమర్శ మూడు దశాబ్దాలకు పైగా శ్రమ గురించి మాట్లాడుతున్నది. చెప్పు కుట్టిన చేయి, నాగలి పట్టిన చేయి, డప్పు కొట్టిన చేయి - వీటికి సాహిత్యంలో చోటు లేకుండా చేసిందెవరని నిలదీసింది. మంచిదే. కానీ తీరిక గురించి మనం ఏం మాట్లాడాం? తీరిక అంటే పనిచేయని కులాల వ్యవహారమనీ, దాన్ని ఈసడించుకుంటే సరిపోతుందనీ అనుకున్నాం. ఇది పొరపాటని నా అభిప్రాయం. పైగా ఈ పొరపాటు వల్ల ఎవరికి లాభమో కూడా చూడాలి.

ముందు మాటల దగ్గర మొదలుపెడదాం. తీరిక 'తీరడం' నుంచి వచ్చింది. పని తీరినవాడికే తీరిక. పని తీరని వాడికి ఈ మాటే పట్టదు. సెలవు అంటే అనుమతి. తమరి సెలవు అంటే ఆజ్ఞ అనే అర్థం. అంటే ఇచ్చేవాడొకడు పైన ఉండాలి. మా తెలంగాణ పల్లెల్లో రికాం అంటారు, అది కూడా ఎక్కువగా 'రికాం లేదు' అనే వాడుకలోనే వినబడుతుంది. ఇక నాగా. మా నాయన పదమూడేళ్ళు జీతమున్నాడు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. ఆయన నోట సెలవు అనే మాట నేను వినలేదు. ఆయనకు తెలిసింది నాగా ఒక్కటే. జ్వరమొచ్చి పడుకున్నా నాగా, చావుకు పోయినా నాగా. ఏడు తిరిగినంక నాగాలన్నీ లెక్కగట్టి అన్ని రోజులు ఉత్తగ పనిచేయాలె. మా పెద్దన్న పుట్టినరోజు ఆ లెక్కలో ఒక నాగా. విశ్రాంతి అప్పు పద్దులోకి ఎక్కే జీవితమిది. దీన్ని పట్టుకోకుండా 'ఆధునిక జీవితంలో తీరిక' అని వ్యాసాలు రాయడం నాకు వింతగానే ఉంటుంది.

సాహిత్యానికి వద్దాం. కవిత్వం చెప్పాలంటే ఏమేం కావాలో పెద్దన పేరు మీద ఒక చాటువు చెలామణిలో ఉన్నది. అలజడి లేని చోటు, దూతిక తెచ్చి ఇచ్చే కప్పురపు విడెం, నచ్చిన భోజనం, ఊయల మంచం వగైరా. మన పంతుళ్ళు దీన్ని రసికతకు ఉదాహరణగా చెప్తారు. నాకైతే మొత్తం ప్రబంధ సాహిత్యంలో ఇంత నిజాయితీ ఇంకెక్కడా కనబడలేదు. కవిత్వం ప్రతిభతో మాత్రమే రాదు, దాని వెనక పెద్ద ఏర్పాటు ఉండాలని ఒప్పేసుకున్నది గదా! ఆ భోజనానికి వరి నాటిందెవరు, ఆ తమలపాకు తోటకు నీళ్ళు పెట్టిందెవరు అని మనం అడిగాం, ఇంకా అడుగుతాం. అడగనిది ఏమిటంటే, ఆ నీళ్ళు పెట్టినవాడికి ఊయల మంచం ఎందుకు ఉండకూడదు అని.

ఈ ప్రశ్నను మనకంటే ముందు జాషువా అడిగాడని నేను అనుకుంటున్నాను. 1941 నాటి 'గబ్బిలం' మొదటి భాగాన్ని కాళిదాసు 'మేఘసందేశం'తో పోల్చని విమర్శకుడు లేడు. అక్కడ విరహం, ఇక్కడ ఆకలి అన్నారు. అక్కడ ప్రియురాలికి, ఇక్కడ శివుడికి సందేశమన్నారు. అంతా సరే. కాలం మాట ఏమైంది? యక్షుడు చేసిన తప్పేమిటి? అప్పగించిన పనిలో ఏమరుపాటు. దానికి కుబేరుడు వేసిన శిక్షేమిటి? మహిమలు పోగొట్టుకుని, భార్యకు దూరంగా రామగిరి మీద ఏడాది గడపడం. బాధ ఉండొచ్చు, కాదనను. కానీ ఆ ఏడాది పొడుగునా అతనికి ఒక్క పనీ లేదు. మబ్బును చూస్తూ కూర్చున్నాడు, దారిలో వచ్చే ఊళ్ళూ నదులూ ఒక్కొక్కటీ తీరిగ్గా వర్ణించాడు. పనిలో ఏమరుపాటు చూపిన జీతగాడికి ఏ దొరా ఇట్లాంటి శిక్ష వేసి ఉండడు.

జాషువా కథానాయకుడు తంజావూరులోని అరుంధతీసుతుడు. అతని సందేశం రాత్రిపూట, గుడిసెలో, పగటి పనంతా అయిపోయినంక మొదలవుతుంది. గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే అపశకునపు ప్రాణి కనుక, గుడిలోకి పోవడానికి దానికి అడ్డు లేదు కనుక అని చెప్తూ వచ్చారు. నిజమే, కానీ ఇంకొక కారణం కళ్ళముందే ఉన్నది. గబ్బిలం రాత్రి తిరుగుతుంది. అతనికి దొరికేది రాత్రే. హంస, చిలుక, మేఘం - ఇవన్నీ పగలు ఖాళీగా ఉన్నవాళ్ళు పెట్టుకునే దూతలు. పగటిపూట ఆకాశం కేసి తలెత్తి చూసే సందు లేని మనిషికి ఏ దూత దొరుకుతుంది? సందేశ కావ్యమనే ప్రక్రియకు ఎంత తీరిక కావాలో తెలిసినవాడు కనుకనే, జాషువా ఆ తీరికను ఒక్క రాత్రికి కుదించి చూపాడు. కావ్యంలోని ఉద్వేగం, తొందర ఆకలి వల్లనే అనుకుంటే సగమే చదివినట్టు. తెల్లవారితే అతను పనికి పోవాలె.

ఇక జానపదం. బిరుదురాజు రామరాజు 1956లో ఉస్మానియాలో సమర్పించిన సిద్ధాంత వ్యాసం తెలుగు జానపద గేయాల చదువుకు దారి వేసింది. దాని విలువను తక్కువ చేయను. ఆ తర్వాత మన క్లాసుల్లో శ్రామిక గేయాలనగానే ఒక వాక్యం స్థిరపడిపోయింది: శ్రమను మరిచిపోవడానికి పాడుకునే పాటలు అని. ఎమ్మేలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. సెలవులకు ఇంటికి పోయి మా అవ్వకు చెప్తే నవ్వింది. "అలుపు తీరుతదని ఎవడు చెప్పిండు? వంగి నాటేసుకుంట పాడితే ఇంకింత ఆయాసమొస్తది. పాడకుంటే గట్టు మీద పటేలు, ఏమే సప్పుడొస్తలేదు, నిద్రవోతున్నరా అంటడు" అన్నది. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకునే లోపల నడుము లేపేవాళ్ళట. ఆమెకు దొరికిన తీరిక ఆ సందు. మా అవ్వ మాటే అన్ని పాటలకూ వర్తిస్తుందని అనను. పాటలో సుఖం లేదనీ అనను. పటేలుకు పాట ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా రాయాల్సి ఉండెనని అంటున్నాను.

మన వైపు లోపం ఇంతకన్నా చిన్నదేం కాదు. కంచ ఐలయ్య 1996లో 'వై ఐ యాం నాట్ ఎ హిందూ' రాసినప్పుడు, ఉత్పత్తి కులాల శ్రమే జ్ఞానమని చెప్పినప్పుడు, నా వంటివాళ్ళ తలకాయలు నిటారుగా లేచాయి. శ్రమ గౌరవం మీద పిల్లలకు 2007లో ఆయనే ఇంకో పుస్తకం రాశారు. బ్రాహ్మణీయ సంస్కృతి శ్రమను హీనం చేసింది కనుక మనం శ్రమను ఎత్తిపట్టాలన్న వాదం అవసరమైనదే. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును సిగ్గు నుంచి గౌరవానికి తెచ్చింది. అయితే ఆ డప్పునే కొంచెం దగ్గరగా చూడండి. ఊరికి పండగ వస్తే, జాతర వస్తే, ఊరంతా పని మానుకుంటుంది. ఆరోజు మాదిగకు పని ఎక్కువ. డప్పు కొట్టాలె, చాటింపు వేయాలె. ఊరి తీరిక మాదిగవాడకు వెట్టి. శ్రమ గౌరవమనే ఒక్క కంటితో చూస్తే డప్పులోని కళ కనబడుతుంది, ఆ పూట పోయిన పండగ కనబడదు. శ్రమే మా సంస్కృతి అని మరీ గట్టిగా అన్నామంటే, అయితే ఇంకో రెండు గంటలు చేయండి అనేవాడికి మనం ఏం జవాబు చెప్తాం?

ఈ జవాబు కోసం ఒంగోలు ప్రాంతపు చరిత్రకు పోవాలి. అక్కడి మాదిగలు నూట యాభై ఏళ్ళ కిందటే ఈ ప్రశ్నను వీధిలోకి తెచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు ఆయన కంటే ముందే దారి వెతుక్కుంటున్నారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు కరువు నడిచింది కనుక బువ్వ కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కానీ కరువుకు ముందు నుంచీ కొత్తగా చేరినవాళ్ళకు ఉన్న మూడు ముఖ్యమైన నియమాలను క్లౌ తన పుస్తకంలో చెప్పాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. రెండోదాని మీద, మూడోదాని మీద పరిశోధకులు చాలా రాశారు. మొదటిదాన్ని మతాచారమని పక్కన పెట్టారు. ఊరి పెద్దలు పక్కన పెట్టలేదు! మాదిగ ఆదివారం పనికి రానంటే, జాతరలో డప్పు కొట్టనంటే దెబ్బలు, బహిష్కరణలు మొదలయ్యాయి. ఏడు రోజుల్లో ఒక రోజు నాది అని కింది మనిషి చెప్పడం ఏమిటో వాళ్ళకు మనకంటే బాగా అర్థమైంది. నాగా అనే మాటను తుడిచేసి అక్కడ ఆదివారం అని రాయడమది. బొంబాయి మిల్లుల్లో వారం సెలవు కోసం పోరాడి 1890లో సాధించిన నారాయణ్ మేఘాజీ లోఖండే కూడా ఫూలే సత్యశోధక సమాజం మనిషే అని గుర్తుంచుకోవాలి. తీరిక కోసం పోరాటాన్ని యూరపు నుంచి అరువు తెచ్చుకున్నామని చెప్పేవాళ్ళు ఈ రెంటినీ చదవాలి.

అంబేడ్కర్ దీన్ని సిద్ధాంతం చేశాడు. 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో గాంధీవాదాన్ని విమర్శిస్తూ, యంత్రాన్ని కాదనడమంటే మనిషికి తీరిక లేకుండా చేయడమేనని వాదించాడు. పశువుకూ మనిషికీ తేడా సంస్కృతి. గొడ్డుచాకిరీ తగ్గితే తప్ప తీరిక రాదు, తీరిక లేనిదే సంస్కృతి లేదు. అది కొద్దిమందికే చాలనుకునే సమాజం యంత్రాన్ని వద్దనుకోవచ్చు, ప్రజాస్వామ్యం వద్దనుకోలేదు. ఇది ఆయన వాదన సారం. రాయడంతో ఆగలేదు. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఆయన ప్రవేశపెట్టిన బిల్లు 1946లో చట్టమై, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి, రోజుకు 10 గంటలు 9కి తగ్గాయి. పొలంలో జీతముండే మనిషి ఆ చట్టం బయటే ఉండిపోయాడు, అది వేరే కథ. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి మళ్ళీ 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. మరుసటి నెలలో తెలంగాణ ప్రభుత్వం, వారానికి 48 దాటకుండా, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు అనుమతిచ్చింది. అంబేడ్కర్ విగ్రహాలకు దండలు వేయడంలో మాత్రం రెండు రాష్ట్రాలూ ఏమీ తక్కువ చేయవు.

అంబేడ్కర్ వాదనతో నాకు ఒక చిన్న పేచీ ఉన్నది. తీరిక లేనిచోట సంస్కృతి లేదంటే మా వాడల సంగతేమిటి? మాదిగలను ఆశ్రయించి బతికే చిందువాళ్ళు రాత్రంతా భాగోతం ఆడేవాళ్ళు. డక్కలివాళ్ళు పటం విప్పి జాంబపురాణం చెప్పేవాళ్ళు. వీళ్ళకు గింజలిచ్చి పోషించింది దొర కాదు, మాదిగ ఇళ్ళు. పగలంతా వేరేవాళ్ళ పని చేసి, తిండి గింజల్లోంచి తీసి, నిద్ర మానుకుని వాడ తన తీరికను తానే కొనుక్కున్నది. యంత్రం రాకముందే, హక్కు రాకముందే. అంబేడ్కర్ తప్పు అని దీనర్థం కాదు. నిద్ర అమ్ముకుని కొన్న తీరిక ఎంత ఖరీదైనదో ఆయన వాదనతోనే తెలుస్తుంది. ఈ రెంటినీ కలిపి చదివే విమర్శ మనకు కావాలి. చిందు భాగోతాన్ని కేవలం కళారూపంగా వర్గీకరించి ఊరుకుంటే లాభం లేదు.

ఇది పాతకాలపు ముచ్చట కూడా కాదు. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పటి నుంచి భూమి ఉన్నవాళ్ళ నోట ఒకటే మాట - కూలోళ్ళు సోమరులయ్యారు, నాట్లకు దొరకడం లేదు. 2025 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన చట్టం 125 రోజుల పని ఇస్తామంటూనే, విత్తే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజులు ఆ పనులు ఆపాలని రాసుకున్నది. ఉద్యోగి పని తగ్గించుకుంటే సమతూకం, కూలి మనిషి బేరమాడితే సోమరితనం. ఈ రెండు మాటల మధ్య కులం ఉన్నదని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అయితే క్లౌ రాసిన ఆ మూడు నియమాల్లో ఆదివారం వంట ఎవరు చేయాలన్నది లేదు. నీళ్ళెవరు తేవాలన్నదీ లేదు. జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం' కథలనూ, గోగు శ్యామల కథలనూ ఈ ప్రశ్నతో మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ నాగా ఎక్కడ రాసి ఉన్నదో ఇంకా వెతుకుతున్నాను. పోయిన నెల ఇంటి దగ్గర అరుగు మీద కూర్చుని చదువుతుంటే, చెరిగే చాట పక్కన పెట్టి మా అవ్వ అడిగింది, కూసోని చదువుడుకు పైసలెవరిస్తరు బిడ్డా అని. ఫెలోషిప్ అని చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "మరి నాగా పెడితే కోస్తరా?" అన్నది.