తీగ దించే చేతులు

శ్రీశైలం మల్లన్న ముందు తాంబూలంలో పెట్టే తమలపాకు లేతగా, వెడల్పుగా ఉంటే కొంత పుణ్యం తీగ దించినవాళ్లది. కడప జిల్లా చెన్నూరు వైపు ఆకుతోటల్లో తీగ అవిసె చెట్టును పట్టుకుని చేతికందనంత ఎత్తుకు పాకుతుంది. పైకి పోయేకొద్దీ ఆకు చిన్నదవుతుంది, మొదలు బోసిపోతుంది. అప్పుడు కట్లు విప్పి, కణుపు విరగకుండా తీగను మెల్లగా కిందికి జారుస్తారు. ఆకు కోసేసిన కింది భాగాన్ని చుట్టగా చుట్టి మొదలు దగ్గరే మట్టి కప్పి, పచ్చని కొసను మళ్లీ అవిసెకు వదులుగా కడతారు. మట్టి తగిలిన కణుపులు వేరు తొడుగుతాయి. ముసలి తీగ మళ్లీ పడుచుదవుతుంది.

ఇంత శ్రమెందుకు, పాతది పీకేసి కొత్తది నాటొచ్చు కదా అనొచ్చు. కొత్త తీగ కోతకు రావాలంటే నెలలు పడుతుంది. దించిన తీగకు పాత వేళ్లుండగానే కొత్తవి తోడవుతాయి. కప్పిన తీగ కుళ్లిపోదా అన్న అనుమానం మాత్రం న్యాయమైనదే. నీరు నిలిస్తే తెగులు తోటనే తినేస్తుంది. అందుకే చేత్తో మట్టి పిసికి చూసి గానీ తడి పెట్టరు. అవిసె కొమ్మలు నరికి వెలుతురు రానిస్తారు. రాళ్లు పగిలే ఎండల సీమలో ఏ కొమ్మ నరకాలో, ఏది నీడకు వదలాలో తేల్చేది వాళ్ల కన్నే.