పలటీనో అక్షరాలు: కలం పోకడ, పుస్తకపు పని

తెలుగు పుటకు ఎదురుగా ఆంగ్ల పుట వేసే ద్విభాషా ప్రచురణలలో లిపి సౌష్ఠవాన్ని గురించిన చర్చ సాధారణంగా తెలుగు వైపే ఆగిపోతుంది. ఆంగ్లానికి యంత్రంలో ఏ ఫాంటు ఉంటే అదే చాలుననుకుంటాం. అలా ఎవరూ ఎంచకుండానే ఎన్నికైన వాటిలో పలటీనో ఒకటి. 1986లో ఆపిల్ సంస్థ లేజర్‌రైటర్ ప్లస్ ప్రింటరులో దీన్ని చేర్చింది. అప్పటినుంచి సిద్ధాంత వ్యాసాలకూ, సంచికలకూ, ఆహ్వాన పత్రాలకూ ఇదే అక్షరమైంది.

దీని కర్త హెర్మన్ జాఫ్ (1918–2015) న్యూరెంబర్గులో పుట్టిన జర్మన్ లిపికారుడు. రుడాల్ఫ్ కోఖ్, ఎడ్వర్డ్ జాన్‌స్టన్‌ల గ్రంథాలను ముందు పెట్టుకొని వెడల్పు పాళీ రాతను స్వయంగా సాధించాడు. ఫ్రాంక్‌ఫర్టులోని స్టెంపెల్ టైపు ఫౌండ్రీకి ఆయన గీసిన రూపాలను ఆగస్ట్ రోసెన్‌బెర్గర్ ఉక్కులో చెక్కాడు. 1950 ప్రాంతంలో అచ్చులు వెలువడ్డాయి. పేరు మాత్రం పదహారో శతాబ్దపు ఇటలీ లిపికారుడు జాంబాత్తిస్తా పలటీనోది.

ఈ అక్షరాలలో కలం జాడ దాగదు. పెద్ద ‘పి’ పొట్ట కింద నిలువు గీతను తాకకుండానే ఆగుతుంది. చిన్న ‘ఎన్’ కుడికాలికి పాదరేఖ బయటి వైపే ఉంటుంది. చేయి అటే సాగి లేచిందన్నమాట. ఈ చేతిరాత గుణం వల్లనే ఇది తెలుగుకు సహజంగా అమరుతుందని కొందరంటారు. ఈ వాదం మాకు సమ్మతం కాదు. తాటాకు మీద గంటం గీసిన గీతకు దాదాపు ఒకే మందం ఉంటుంది. వెడల్పు పాళీ గీత మందం అది సాగే దిశను బట్టి మారుతుంది. రెండూ చేతిరాతలే అయినా పనిముట్లు వేరు, వాటి తర్కం వేరు. పలటీనో తెలుగు పక్కన నిలబడటానికి అసలు కారణం దాని వెడల్పు, లోపలి ఖాళీల విశాలత. వత్తులూ గుడులూ నిండిన తెలుగు పుట పక్కన సన్నని ఆంగ్లాక్షరం వెలవెలబోతుంది. ఇది అలా పోదు.

అయితే ఒక సంగతి మరవరాదు. జాఫ్ దీన్ని ప్రధానంగా శీర్షికలకూ, చిల్లర అచ్చు పనులకూ ఉద్దేశించాడు. పుస్తక పాఠానికి 1954లో ఆల్డస్ అనే తేలికైన తోడును వేరే ఇచ్చాడు. కంప్యూటర్ల కాలంలో తోడు తప్పిపోయి పెద్దదే ఇంటి పని అంతా నెత్తిన వేసుకుంది. పంక్తుల మధ్య ఎడం చాలినంత ఇవ్వకపోతే మూడు వందల పుటల గ్రంథం నల్లబడి కనిపించడం అందువల్లనే.

వాలు అక్షరాల విషయం మరీ చిక్కు. పలటీనో ఇటాలిక్ నిలువు రూపాన్ని వంచినది కాదు, వేరే రాత. దానికి జతగా తెలుగును యంత్రంతో పక్కకు తోయడం అనర్థం. గ్రంథనామాలకు మనకు ఉల్లేఖన చిహ్నాలున్నాయి. భాషాశాస్త్ర వ్యాసాలకు వేరే పరీక్ష ఉంది. ‘ణ’, ‘ళ’, ‘ట’లను రోమన్‌లో రాయాలంటే అక్షరం కింద చుక్క కావాలి. తొలి ప్రింటరు ఫాంటులో ఆ చుక్క లేదు. విండోస్ 2000తో వచ్చిన పలటీనో లైనోటైప్‌లో గ్రీకు, సిరిలిక్ సహా అక్షర సంపద బాగా పెరిగింది. అయినా నిలువు రూపంలో ఉన్న చుక్క ఇటాలిక్‌లోనూ ఉందో లేదో, ముద్రణకు ముందే ఒక పుట తీసి చూసుకోవడం మంచిది.