కీర్తన చేసిన సువార్త

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. ఎన్నో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి: శంకరాభరణం, ముఖారి, బిలహరి, ఆది, రూపకం, చాపు. ఇంగ్లిష్ బాణీల పాటలూ ఉన్నాయి గానీ, నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా, నాకు దేశీ కీర్తనే కీర్తన. కొండపల్లి నుంచి బందరు దాకా కృష్ణా పల్లెల్లో ఇన్ని తరాలుగా విశ్వాసం నిలబడిందంటే ప్రసంగాల కంటే ఈ పాటల పుణ్యమే ఎక్కువ.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. నోబుల్ పెట్టిన బడి తర్వాత కాలేజీ అయింది. పల్లెల్లోకి సువార్త మాట పాకింది మాత్రం మనవాళ్ల నోటనే. నందిగామ ప్రాంతం రాఘవాపురం మనిషి పగోలు వెంకయ్య ఒకప్పుడు దోపిడీ ముఠా నాయకుడని చెప్పుకుంటారు. 1859లో బెజవాడలో మిషనరీ డార్లింగ్ దొరను కలిశాక ఆయన దారే మారిపోయింది. మాలపల్లెల వెంట తిరిగి తాను నమ్మింది నలుగురికీ చెప్పాడు.

ఇక కీర్తనకారుల్లో పురుషోత్తమ చౌదరి తర్వాతే ఎవరైనా. 1803లో బ్రాహ్మణ ఇంట పుట్టాడు, 1833లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు, 1890లో కన్నుమూశాడు. తెలుగులో అంత సొగసుగా పాట కట్టాడంటే ఏమనాలి! పులిపాక జగన్నాథం, ముంగమూరి దేవదాసు, ఆ తర్వాత మాసిలామణి కూడా ఉద్దండులే. అయినా నా ఓటు చౌదరిగారికే.

ఈ పాటల పనితనం ఎక్కడుందంటే, చదువు రానివాడి నోట కూడా నిలిచేలా కట్టడంలో. పల్లవి ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ప్రాస తర్వాతి పాదాన్ని తనే గుర్తుచేస్తుంది. చరణానికో ముక్క చొప్పున కథ నడుస్తుంది. సిలువ కథ అంతా ఒక్క పాటలో చెప్పేయొచ్చు. కొండపల్లి బొమ్మకు కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి చింతగింజల మక్కుతో అతికినట్టు, మాటనూ రాగాన్నీ అతుకు కనబడకుండా కలిపారు.

రాత్రి ప్రార్థనలో పాత కాపు పాడుతుంటే చూడాలి. చేతిలో చిడతలు తప్ప పుస్తకం ఉండదు. చరణం ఒక పాదం అందిస్తాడు, జనం అందుకుంటారు. ఆ వ్యవధిలోనే తర్వాతి పాదం గుర్తుచేసుకుంటాడు. చరణం చివర కావాలనే కాస్త లాగుతాడు. ఆయన ఊపిరి పీల్చేలోపు వెనక వరసలో ఆడవాళ్లు పల్లవి ఎత్తుకుంటారు. కంజిర ఊపందుకుంటుంది. రెండోసారికి కాలం పెరుగుతుంది. రామభజన విని పెరిగిన చెవికి ఇది కొత్త కాదు, అందుకే దారిన పోయే పొరుగాయన కూడా గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. సువార్త చెప్పడమంటే ఇదీ. గొంతు చించుకోనక్కర్లేదు, కరపత్రం చేతిలో కుక్కనక్కర్లేదు. కష్టం వచ్చిన ఇంట్లో అర్ధరాత్రి నలుగురు కూర్చుని ముఖారిలో ఒక కీర్తన పాడితే ఆ ఇల్లు తెల్లవారేదాకా నిలబడుతుంది.

మరి ఇప్పుడు? నిన్న హిట్టయిన సినిమా పాట బాణీకి నాలుగు మాటలు తగిలించి ఆరాధన పాట అంటున్నారు. ఫోన్లో ట్రాక్ పెడతారు, ప్యాడ్ దబదబలాడుతుంది, బాక్సులు పగిలిపోతుంటాయి. సంఘం పాడదు, చప్పట్లు కొడుతుంది. పాడేది వేదిక మీద ముగ్గురు. ఆరు నెలలకు సినిమా పాటా పోతుంది, దాని వెంట ఇదీ పోతుంది. కరెంటు పోతే ఆరాధన ఆగిపోయే గుళ్లు చూశాను. కొత్త పాట రాయొద్దని ఎవరన్నారు? రాయండి, కానీ పల్లవి అమ్మమ్మ నోట పలకాలి. దొంగ బాణీ మీద దేవుడి పేరు అతికించడం నాకైతే సిగ్గుచేటుగానే ఉంది.

పాస్టర్ అయ్యగార్లకు ఒక మనవి. నెలకొక ఆదివారం కీబోర్డు మూత తీయకండి. రాగం తెలిసిన పెద్దల్ని ముందు కూర్చోబెట్టి సండేస్కూలు పిల్లలకు తాళం చేత్తో వేయించి నేర్పించండి. ఆ పెద్దలు పాడేవి ఇప్పుడే రికార్డు చేసుకోండి. పుస్తకంలో రాగం పేరు మాత్రమే ఉంది, పాడే తీరు వాళ్ల గొంతుల్లోనే ఉంది.