వాలుకు ఒదిగే ఈత: సిపదాన్ పగడపు గోడలు

మలేసియాలోని సబా రాష్ట్రానికి ఆగ్నేయ దిశలో, సెలెబిస్ సముద్రంలో ఉన్న సిపదాన్ అరగంటలో కాలినడకన చుట్టి రాగలిగినంత చిన్న దీవి. నీటిపైన కనిపించే చెట్ల గుంపూ ఇసుక ఒడ్డూ దాని కొస మాత్రమే. సముద్రపు అడుగునుంచి సుమారు 600 మీటర్లు లేచి, ఏనాడో చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం నెత్తిమీద పగడపు జీవులు వేల ఏళ్లపాటు తమ సున్నపు గూళ్లను పొరమీద పొరగా పేర్చుకుంటూ రావడంవల్ల ఈ దీవి ఏర్పడింది. అందుకే ఒడ్డుకు దగ్గరగా, మోకాలి లోతు నీటిలో నిలుచున్న మనిషి మరికొన్ని అడుగులు వేసేసరికి కాలికింద నేల తెగిపోతుంది. అక్కడినుంచి పగడపు గోడ నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, దానికి ఎదురుగా అంతు కనిపించని నీలం ఉంటుంది.

ఇటువంటి గోడ వెంట ప్రవాహం తీసుకుపోయినట్టు పోతూ చేసే స్కూబా ఈతకు డ్రిఫ్ట్ డైవింగ్ అని పేరు. ఏటి నీరు నడిచే దిక్కును మన పడవవాళ్లు వాలు అంటారు గనుక దీన్ని వాలుఈత అనవచ్చు. మామూలు డైవింగ్‌లో పడవ లంగరు వేసి నిలుస్తుంది, డైవర్ తిరిగి అక్కడికే రావలసి ఉంటుంది. వాలుఈతలో డైవర్ ఒకచోట దిగి వేరొకచోట తేలుతాడు, పడవే నీటిమీద అతని బుడగలను చూసుకుంటూ వెంట వస్తుంది. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా లంగరు పడని చోట పగడం విరగదన్న సంగతిని మరిచిపోరాదు.

బహిరంగ సముద్రంలో సాగివచ్చే నీటికి అడ్డంగా ఒక కొండ నిలిచినప్పుడు ఆ నీరు ఆగలేక చీలి, కొంత పక్కలకూ కొంత పైకీ కొంత కిందికీ తిరుగుతుంది. దీవి మూలల దగ్గర ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది. ఆటుపోట్లతో పాటు దిక్కు కూడా మార్చుకుంటుంది. ఆ నీటిలో ప్లవకాలు, అంటే ఎక్కువగా కంటికి ఆననంత చిన్న జీవులు, కొట్టుకువస్తాయి. గోడకు అతుక్కుని కదలలేని ప్రాణుల్లో చాలావాటికి అదే తిండి. సముద్రపు విసనకర్రలని పిలిచే పగడాలు తమ జల్లెడవంటి కొమ్మలను ప్రవాహానికి సరిగ్గా అడ్డంగా పరుచుకుని పెరుగుతాయి; మెత్తని పగడాలు నీరు నిలిచినప్పుడు ముడుచుకుపోయి, వాలు మొదలుకాగానే ఉబ్బి రంగులు విప్పుతాయి. జీవం దట్టంగా ఉన్నచోటనే నీరు కూడా బలంగా ఉంటుంది కాబట్టి, ఆ జీవాన్ని చూడదలచినవాడు ఆ నీటితో పొత్తు కుదుర్చుకోక తప్పదు. వాలుఈత విద్య అవసరమయ్యేది ఇక్కడే.

ఈ విద్యలో మొదటి పాఠం ఊపిరి. నీటిలో మునగక తేలక ఒకే లోతున నిలవడాన్ని సమతేలిక అనుకుంటే, దాన్ని స్థూలంగా గాలి జాకెట్టుతోనూ సూక్ష్మంగా ఊపిరితిత్తులతోనూ సాధిస్తారు: నిదానంగా గాలి పీలిస్తే దేహం జానెడు పైకి లేస్తుంది, వదిలితే అంతే కిందికి దిగుతుంది. ఊపిరి బిగబట్టడం మాత్రం ఏ దశలోనూ పనికిరాదు, ఎందుకంటే పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, బిగబట్టిన గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలంమీద కంటే నాలుగు రెట్లు ఉంటుంది, సిలిండరులోని గాలి కూడా అంత వేగంగానే ఖర్చవుతుంది. ప్రవాహానికి ఎదురీదేవాడు దాన్ని మరింత త్వరగా తగలేస్తాడు. అందుకే నేర్పరి అయిన డైవర్ చేతులు పొట్టమీద కట్టుకుని, ఫిన్‌లను దాదాపు కదపకుండా, గోడకు ఒకటి రెండు బారల దూరంలో సాగిపోతాడు. అడుగు కనిపించని నీలంలో తాను ఎంత లోతున ఉన్నాడో కన్ను చెప్పలేదు గనుక చేతి కంప్యూటరును పదేపదే చూసుకోవడం అతనికి అలవాటై ఉంటుంది.

రెండోది నీటిని చదవడం, ఈ విద్యలో అందమంతా ఇక్కడే ఉన్నదనిపిస్తుంది. చేపలు సాధారణంగా వాలుకు ఎదురుముఖంగా నిలుస్తాయి, కాబట్టి వాటి మూతులు ఎటు తిరిగి ఉంటే నీరు అటునుంచి వస్తున్నట్టు లెక్క. గోడ పక్కన గుంపుగా నిలిచిన చేపలన్నీ ఉన్నట్టుండి మూతులు పైకెత్తితే నీరు కిందికి దిగుతున్నదని అర్థం. అంతకంటే స్పష్టమైన గుర్తు డైవర్ వదిలిన బుడగలే: ముత్యాల్లా పైకి పోవలసిన బుడగలు భుజం దగ్గర తచ్చాడి, సుడి తిరిగి, మోకాళ్లవైపు జారితే, గోడ అంచునుంచి నీరు పాతాళంలోకి జారుతున్నదన్నమాట. అటువంటప్పుడు పైకి ఎగబాకాలని పెనుగులాడితే బలమూ గాలీ రెండూ హరించుకుపోతాయి. గోడను విడిచి అడ్డంగా నీలంలోకి ఈదితే ఆ జారుడు బలహీనపడుతుంది. తోడు డైవరును కంటికి దూరం కానీయరాదన్న నియమం ఇటువంటి క్షణాలకోసమే.

దీవికి ఉత్తరంగా ఉన్న బారకూడా పాయింట్ దగ్గర ఈ శ్రమకు ఫలం దొరుకుతుంది. వందల బారకూడా చేపలు వెండి కత్తుల్లా ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, ప్రవాహంలో స్తంభంలాగా సుడి తిరుగుతాయి. కాళ్లు కొట్టుకుంటూ మీదికి వెళ్లిన డైవరును చూసి ఆ స్తంభం చెదిరిపోతుంది. వాలుతో నిశ్శబ్దంగా కొట్టుకువచ్చిన వాడి చుట్టూ ఒక్కొక్కసారి అదే మూసుకుంటుంది.

ఈ గోడలు ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో బృందం 1989లో విడుదల చేసిన చిత్రంవల్ల. అంతకుముందు ఈ దీవికి విలువ తాబేలు గుడ్లది. ఇండోనేసియా, మలేసియాలు సిపదాన్, లిగితాన్ దీవులకోసం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు, 2002 డిసెంబరు 17న వెలువడిన తీర్పు మలేసియా పక్షాన నిలవడానికి ఆధారాలు దీపస్తంభాలతోపాటు బ్రిటిషు పాలనలో తాబేలు గుడ్ల సేకరణను నియంత్రించడం, 1933లో సిపదాన్‌ను పక్షుల రక్షితస్థలంగా ప్రకటించడం. ప్రాణుల సంరక్షణకు చేసిన పాత దస్త్రాలు ఒక దీవి ఏ దేశానిదో తేల్చడం అరుదైన విషయం. తరువాత మలేసియా ప్రభుత్వం 2004 చివరికల్లా దీవిమీది రిసార్టులను ఖాళీ చేయించి, డైవర్ల సంఖ్యకు తొలుత రోజుకు 120 అని పరిమితి పెట్టింది. సందర్శకులు ఇప్పుడు మాబుల్, సెంపోర్నా వంటి చోట్లనుంచి పడవల్లో వచ్చి సాయంత్రానికి వెనుదిరుగుతారు. ఇంత జాగ్రత్త తీసుకున్నా 2006లో నిర్మాణ సామగ్రి తెచ్చిన ఒక బార్జి పగడాలమీదికి ఎక్కి, తరతరాల పెరుగుదలను నలగగొట్టింది. దాని పక్కన, ఏదీ తాకకుండా పోయే ఈత విలువ బాగా తెలుస్తుంది.

ఈత ముగింపు కూడా వాలులోనే జరుగుతుంది. దేహంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా వెలికి పోవడానికి డైవర్ 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగుతాడు. అయితే ఆ మూడు నిమిషాలూ నీరు ఆగదు, అతన్ని మోసుకుపోతూనే ఉంటుంది. కాబట్టి అంతకుముందే నారింజ రంగు గుడ్డగొట్టంలోకి గాలి ఊది, దారం చుట్టిన రీలును వేళ్ల మధ్య వదులుగా తిరగనిస్తూ పైకి వదులుతాడు. నీటిమీద అది నిటారుగా నిలబడగానే పడవవాడు ఇంజను తగ్గించి అటు తిరుగుతాడు. ఈ లోపల ఎండ సోకిన గోడ అంచున ఒక పచ్చ తాబేలు రాతి గూటిలో మెడ ముడుచుకుని, తన ముందునుంచి జరిగిపోతున్న మనుషులను పట్టించుకోకుండా నిద్రపోతుంటుంది.