కేకుకీ ఓ విమర్శ కావాలి

కథకి విమర్శకుడున్నాడు. సినిమాకి ఉన్నాడు. కచేరీల్లో ముందు వరసలో కూచుని తల పంకించేవారు ఉండనే ఉన్నారు. పాపం, కేకుకి మాత్రం ఎవరూ లేరు. "అబ్బ, ఎంత బావుందో!" అని ఓ ఫొటో తీసుకుని కోసుకు తినెయ్యడంతో సరి. గంటలో మాయమయ్యే దానికి విమర్శేమిటి అంటారా? ముగ్గు కూడా మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. అయినా చుక్క తప్పితే మన అత్తగార్లు ఊరుకున్నారా!

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఆ చుట్టుపక్కల బండరాళ్ళదే రాజ్యం. ఇప్పుడు కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల్లో ఏ అపార్టుమెంటుకి వెళ్ళినా ఇంట్లో కేకులు చేసి ఇచ్చే ఆవిడ ఒకరైనా తగులుతారు. వారిలో కొందరు ఆ అద్దాల మేడల్లోనే ఉద్యోగాలు చేసి, పిల్లలు పుట్టాక మానేసినవాళ్ళు. ఈ ఊరికి కేకు కొత్తదేం కాదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953లోనే వెలిసింది. కొత్తదల్లా బేకరీ మన వంటింట్లోకి నడిచి రావడమే.

పుట్టినరోజు పిలుపుల పుణ్యమా అని ఈ ఇంటి కేకుల్ని నేను చాలానే తిన్నాను. తిన్నాక మాట్లాడే హక్కు వస్తుంది కదా! నా మొదటి ఆక్షేపణ ఫాండెంటు మీద. పంచదార పొడి, గ్లూకోజు, జెలటిన్ కలిపి, చపాతీలా వత్తి కేకుకి కప్పుతారే, అదన్నమాట. దాంతోనే ఏనుగులూ, రాకుమార్తెలూ, రైలుబళ్ళూ చేసి నిలబెడతారు. చూడ్డానికి బొమ్మల కొలువే. తినేటప్పుడు చూడండి మరి! పిల్లలు దాన్ని చాప చుట్టినట్టు వొలిచి ప్లేటు అంచున పెట్టేస్తారు. తినేవాళ్ళు పక్కకి తోసేసేదాన్ని అలంకారం అనడానికి నాకు నోరు రాదు. పైగా దాని గారాబం తక్కువేం కాదు. ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమట పడుతుంది. తడి క్రీము మీద పరిస్తే కరిగి జారుతుంది. అందుకని కింద చాక్లెట్ పూతో, వెన్న పూతో వెయ్యాలి. ఖర్చు మీద ఖర్చు.

పంచదారతో బొమ్మలు చెయ్యడం మనవాళ్ళకి తెలియనిదా? సారెలో పంచదార చిలకలు చూడలేదూ! పాకాన్ని అచ్చుల్లో పోసి తీసిన ఆ చిలక చిలకలాగా ఉండేది, పంచదారలాగానూ ఉండేది. పిల్లలు ముక్కు దగ్గర మొదలెట్టి తోకదాకా కొరికేసేవాళ్ళు. చూపుకీ రుచికీ అక్కడ తగూ లేదు.

రెండోది క్రీము. చాలా కేకుల మీద ఉండేది పాల మీగడ కాదు, నూనెలతో తయారైన క్రీము. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో, స్కూటరు మీద స్పీడు బ్రేకర్లు దాటుకుంటూ వెళ్ళాల్సిన కేకుకి అదే కాస్త గట్టిగా నిలుస్తుంది. కనక వాడకాన్ని తప్పు పట్టను. 25 శాతం కొవ్వున్న మామూలు ఫ్రెష్ క్రీముని చేతులు పడిపోయేలా గిలకొట్టినా నిలబడదు కూడాను. కానీ నాలిక్కి మైనంలా అంటుకునేదాన్ని రెండంగుళాల మందాన దట్టించడం ఎందుకని? నూనెల్లోనూ, వాటితో చేసిన పదార్థాల్లోని కొవ్వులోనూ ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. డబ్బా మీది చిన్నక్షరాలు ఓసారి చదివి కొనుక్కుంటే మంచిది.

తిట్టడమేనా, మెచ్చుకోవడం లేదా అంటారేమో. ఉంది. మా పక్క బ్లాకు ఆవిడ చేసిన ఓ కేకు ఇంకా నా కళ్ళముందుంది. 3 గుడ్లు, 90 గ్రాముల పంచదార కలిపి తెల్లటి నురగయ్యేదాకా గిలకొట్టింది. 90 గ్రాముల మైదాలో రెండు చెంచాలు తీసి, ఆ మేరకు కోకో వేసి, నురగ అణిగిపోకుండా మెల్లగా కలిపింది. కేకు పొంగడానికి ఆ గాలే చాలు. ఓవెను లేనివాళ్ళు కుక్కరుకి గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, నీళ్ళు పొయ్యకుండా సన్న సెగ మీద చేసుకోవచ్చు. ఇక అలంకారం చూడండి. అట్టముక్కలో తామరపువ్వు ముగ్గు కత్తిరించి, కేకు మీద పెట్టి, పంచదార పొడి జల్లించి అట్ట పైకెత్తేసింది. నల్లటి నేల మీద తెల్లటి తామర! ఖర్చు రెండు చెంచాల పంచదార. కాకపోతే వడ్డించే ముందే జల్లాలి, లేకపోతే తేమకి కరిగిపోతుంది. ఆ రోజు ఏ ప్లేటులోనూ ముక్క మిగల్లేదు.

చివరికి ధర సంగతి. "మైదా, పంచదారేగా, అంత రేటా?" అని బేరమాడే శ్రీమతుల్ని చూశాను. జాకెట్టు కుట్టిన దర్జీకి దారం ఖరీదిచ్చి వచ్చేస్తామా? బేగంబజారులో అచ్చులూ సామానూ చవగ్గా దొరకొచ్చు. వెళ్ళి రావడానికి పూట పడుతుంది. మూడంతస్తుల కేకుకి బొమ్మలు చెయ్యడానికి రాత్రి పన్నెండు దాటుతుంది. అసలు చిత్రమేమిటంటే, చేసే ఆవిడే తన లెక్కల పుస్తకంలో గుడ్లు రాస్తుంది, కరెంటు రాస్తుంది, అట్టపెట్టె రాస్తుంది, తన రాత్రి మాత్రం రాయదు. వంటింట్లో ఆడదాని పని ఉచితం అని మనకి ఎవరో చెప్పి పెట్టారు. ఆ పాఠాన్ని ఉద్యోగాలు చేసొచ్చిన చదువుకున్నవాళ్ళం కూడా మరిచిపోలేకపోతున్నాం.

పొదుపు వద్దనను, నాదీ మధ్యతరగతి పర్సే. ఆ పొదుపు ఎక్కడ చెయ్యాలన్నదే ప్రశ్న. పిల్లలు వొలిచి పారేసే ఫాండెంటు మానిపించండి. క్రీము సగం చెయ్యమనండి. క్లబ్బుహౌసులో ఎదుటివాళ్ళ కేకు మూడంతస్తులైతే మనది ఒక్కటే ఉండనివ్వండి. అయిదేళ్ళ పిల్లకి అంతస్తుల లెక్క మనం నేర్పితేనే వస్తుంది. ఈసారి కేకు ఆర్డరిచ్చేటప్పుడు బేరమాడక తప్పదనిపిస్తే ఆ అంతస్తుల మీద ఆడండి. ఆవిడ నిద్ర మీద మాత్రం వద్దు.