నీలం వెతికితే నీలమే

రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకు అలవాటు. ఎడమవైపు మామూలు ఎర్రకాంతిలో తీసిన పాత ఫలకం, కుడివైపు అదే ఆకాశపు ముక్క టూమాస్ పరారుణ సర్వేలో. ఎడమ చిత్రంలో ఉందా లేదా అనిపించే మసక చుక్క, కుడివైపు కె పట్టీలో, అంటే 2.17 మైక్రాన్ల దగ్గర, పక్క నక్షత్రాలకు దీటుగా వెలుగుతుంటుంది. ఆ చుక్క ధూళి చాటున దాగిన క్వాసార్ కావచ్చు గనుక అలాంటి జత కనబడిన పూట ఇంకో పని ముట్టుకోబుద్ధి కాదు.

1963లో ఖగోళవేత్త మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే క్వాసార్ గుట్టు విప్పాక క్వాసార్ల వేట చాలావరకు నీలం రంగును పట్టుకునే సాగింది. క్వాసార్‌లో భారీ కృష్ణబిలం చుట్టూ తిరుగుతూ కాగే వాయువు అతినీలలోహితంలో దండిగా వెలుగుతుంది గనుక అది సబబైన గుర్తే. కానీ దారిలో ధూళి అడ్డం వస్తే ముందు నీలాన్నే మింగేస్తుంది, ఎరుపు మిగులుతుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల వచ్చే రెడ్‌షిఫ్ట్ వేరు, ఇది వేరు. రెంటినీ కలిపేసిన వ్యాసాలు చదివితే ప్రాణం ఉసూరుమంటుంది.

పరారుణ కాంతి ఆ ధూళిలోంచి చాలావరకు బయటపడుతుంది. టూమాస్ కోసం 1997 నుంచి 2001 దాకా అరిజోనాలో ఒకటి, చిలీలో ఒకటి, 1.3 మీటర్ల టెలిస్కోపులు ఆకాశమంతా జల్లెడ పట్టాయి. చిక్కంతా ఆ తర్వాతే. ఎర్రగా కనిపించేవన్నీ క్వాసార్లు కావు, మన పాలపుంతలో చల్లటి మరుగుజ్జు నక్షత్రాలు కోకొల్లలు. ఐలాట్ గ్లిక్‌మన్ బృందం వాటిని ఏరేసిన తీరు నాకు ఎంతో ఇష్టం. ‘ఫస్ట్’ రేడియో సర్వేలో కూడా ఉన్న చుక్కలనే తీసుకున్నారు, ఎందుకంటే మామూలు నక్షత్రం రేడియోలో దాదాపు మూగది. ఆపైన ఎరుపుకూ కెకూ ప్రకాశంలో తేడా 4 మాగ్నిట్యూడ్లు, జె అనే మరో పరారుణ పట్టీకీ కెకూ తేడా 1.7 దాటాలన్నారు. మరుగుజ్జులు మొదటి గడప దాటినా రెండోదాని దగ్గర ఆగిపోతాయి.

ఇంత వడబోసినా చేతికొచ్చేది అనుమానితుల జాబితాయే. ఒక్కోదానికీ వర్ణపటం తీయాలి. హైడ్రోజన్ గీత ఉండాల్సిన చోట వెడల్పాటి గుట్ట లేస్తే, సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వాయువు తిరుగుతున్నట్టు. లేవకపోతే ఆ పేరు కొట్టేయాల్సిందే.

ఇలా దొరికిన 13 క్వాసార్లను హబుల్‌తో చూస్తే 11 చోట్ల గెలాక్సీలు ఢీకొన్న జాడలున్నాయి, చిరిగిన తోకలతో సహా. ఆ కుదుపే కృష్ణబిలానికి మేత తెచ్చి, ధూళిలో ముంచిందని, ధూళిని ఊదేసుకున్నాక ఇవే నీలం క్వాసార్లవుతాయని ఒక వాదన. నేనూ అటే మొగ్గుతాను. రేడియోలో గట్టిగా పలికే క్వాసార్లు పదింట ఒకటే గనుక ఆ వలలోంచి జారినవీ ఎన్నో. ఎడమ చిత్రంలో చుక్క బొత్తిగా కనిపించని జతల్ని అందుకే విడిగా దాచి ఉంచాను.