అల్లావుద్దీన్ దీపము – పాతాళభైరవి విగ్రహము

నాందేడు జిల్లాలోని ధర్మాబాదు, దేగలూరు, బిలోలి ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో మరాఠీ మాటలాడుచు పెరుగు పిల్లలకు మన జానపద చలనచిత్ర సంప్రదాయమును పరిచయము చేయదలచిన పెద్దలు మొట్టమొదట చూపవలసినది 1951లో విజయా సంస్థవారు నిర్మింపగా కె.వి.రెడ్డిగారు దర్శకత్వము వహించిన ‘పాతాళభైరవి’ యని నా దృఢవిశ్వాసము. అది వెలువడిన నాటికి ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. 1956లో గదా మనకు ఎల్లలు మారినవి!

అరేబియా దేశపు అల్లావుద్దీన్ కథకును, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలకును పొత్తు కుదిర్చి పింగళి నాగేంద్రరావుగారు ఈ కథను అల్లిరి. అచట దర్జీ కొడుకునకు దీపము అదృష్టవశమున చేజిక్కును. ఇచట తోటరాముడు ఉజ్జయినిలో తోటమాలి కొడుకు. రాకుమారి యిందుమతిని చేపట్టవలెనన్న తనతో సరితూగు సంపదను గడించి రమ్మని రాజు శాసింపగా, నేపాళ మాంత్రికుని వెంట బయలుదేరి, తన్ను బలి యీయజూచిన వాని కపటమెరిగి, వానినే భైరవికి బలియిచ్చి, కోరినవి తీర్చు విగ్రహమును సాధించును. పరదేశపు కథ తెలుగుకథ యైనది ఈ సాహసము వలననే.

బలియైన మాంత్రికుడు తన శిష్యునిచే మరల బ్రదుకగా, విగ్రహము వాని చేజిక్కిన పిదప దానిని మరల రాబట్టు ఘట్టము మరింత రమ్యము. మాంత్రికుని బలమంతయు గడ్డములో నున్నది. రాముని చెలికాడు అంజి, ఆ శిష్యుడైన సదాజపుని రూపమున చేరి, గడ్డము తీసినచో రాకుమారి మెచ్చునని నమ్మింపగా, అంతటి మాయావి మురిసి మంగలికత్తికి గడ్డమప్పగించును. క్రౌర్యమును, వలపు వెఱ్ఱిని ఒక్క ముఖముననే చూపగల మాంత్రిక పాత్రధారి ఎస్.వి.రంగారావుగారు లేనిచో ఈ ఘట్టము పండెడిదే కాదు.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. కంప్యూటరు లేని ఆ కాలమున మాయాదృశ్యములకు ప్రధానమైన ఉపాయ మొకటి గలదు: కటకము ముందు సగభాగమును నల్లని అట్టతో మూసి ఒక దృశ్యమును పట్టి, అదే ఫిల్మును వెనుకకు చుట్టి, మూసిన భాగమును తెరచి, పట్టిన భాగమును మూసి, రెండవ దృశ్యమును పట్టుట. కెమెరా వెంట్రుకవాసి కదలినను, వెలుతురు రవంత హెచ్చినను అతుకు బయటపడును. నటుడు ఎదుట లేనివానిని ఉన్నట్లే చూచుచు, సరియైన క్షణమున బెదరవలెను. మన కంటికి క్షణమాత్రమైన ఆ వింత వెనుక ఎందరి ఓర్పు దాగియున్నదో!

1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునకు ఈ చిత్రము ఎన్నికైనది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో పిల్లల మాసపత్రిక ‘చందమామ’ను స్థాపించిరి, 1952లో అది మరాఠీ పిల్లలకు ‘చాందోబా’ యైనది. కావున, నాందేడు తెలుగు పెద్దలారా, ఈ చిత్రమును మీ పిల్లలకు చూపునపుడు పొరుగింటి మరాఠీ పిల్లలను గూడ పిలువుడు. మాటలు తెలియనిచోట మీ పిల్లలే వారికి చెప్పుదురు.